తొమ్మిదో మెట్టు

మా ఇంటి మెట్లు పద్దెనిమిది. తొమ్మిదో మెట్టు దగ్గర మలుపు. కింద హాల్లో గోడకి బిగించిన ఫైబర్ పెట్టె నుంచి వచ్చే వైఫై సరిగ్గా ఆ మలుపు దాకానే వచ్చేది. పైన నా గదిలో ఫోను మీద ఒక్క గీత కనిపించేది, అదీ తలుపు బార్లా తీసి పెడితే.

తణుకులో మాది మా నాన్నగారు 1988లో కట్టించిన డాబా ఇల్లు. పై గది తరవాతెప్పుడో వేశారు. కింద ఇంటికీ పై గదికీ మధ్య శ్లాబు, దాన్నిండా ఇనప ఊచలు. గోడలు తొమ్మిదంగుళాలవి. ఆ రోజుల్లో మేస్త్రి "ఏనుగులు తొక్కినా చెక్కు చెదరదండి" అన్నాడట. ఏనుగుల సంగతేమో గానీ వైఫై మాత్రం దాటలేకపోయింది. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టార్ని. రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా పై గదిలో కూచుని పదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్లో పాఠం చెబుతాను. సైన్ తీటా దగ్గర నా గొంతు తెగిపోయి కాస్ తీటా దగ్గర తేలేది. "మాస్టారూ, మీ బొమ్మ ఆగిపోయిందండి" అనడం పిల్లలకి అలవాటైపోయింది. కొందరికి అది మహదానందం కూడా.

కింద కూచుని చెప్పుకోవచ్చు కదా అంటారేమో. కింద అమ్మ ఉంది, టీవీ ఉంది. ఎనిమిదిన్నరకి డల్లాస్ నుంచి అక్క వీడియో కాల్ ఉంది. ఈ మూడింటి మధ్యలో త్రికోణమితి నడవదు.

కొట్టుకి వెళ్తే ఇద్దరు రెండు మాటలు చెప్పారు. ఒకాయన ప్లగ్గులో గుచ్చే ఎక్స్‌టెండర్ తీసుకోమన్నాడు. అది మెట్ల మలుపులో పెట్టాలి, కింది సిగ్నల్ పట్టుకుని పైకి మళ్లీ విసురుతుంది. కానీ వినేదీ చెప్పేదీ ఒకే రేడియోతో అయితే, వింటున్నంతసేపూ చెప్పలేదు, చెబుతున్నంతసేపూ వినలేదు. వచ్చే వేగంలో సగం దారిలోనే పోతుంది. పైగా మా మెట్ల దగ్గర ప్లగ్గు లేదు. రెండో ఆయన మెష్ అన్నాడు, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఇల్లంతా ఒకే వైఫై పంచే రెండు డబ్బాల సెట్టు. మంచిదే, ధర విని బయటికొచ్చేశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఫైబర్ రాకముందు వాడిన పాత రౌటర్ అటక మీద ఇత్తడి గంగాళంలో పడి ఉందని.

దాన్ని దించి దుమ్ము దులిపితే అడాప్టర్ లేదు. ఇంట్లో అడాప్టర్లకి కొదవా? ఒకటి తీసి చూస్తే పిన్ను సరిగ్గా పట్టింది. గుచ్చబోతూ ఎందుకో కింద స్టిక్కరు చదివాను. రౌటర్‌కి కావలసింది 9 వోల్టులు, నా చేతిలో ఉన్నది 12. పిన్ను పట్టినంత మాత్రాన కరెంటు పట్టినట్టు కాదు. 9 వోల్టులదే వెతికి కొన్నాను. దీనికి నూట యాభై రూపాయలు. మొత్తం పనిలో నేను ముందే తప్పించుకున్న తప్పు ఇదొక్కటే, మిగతావన్నీ చేశాకే తెలిశాయి.

ముందు కేబుల్ లాగించాలి. వైఫైని వైఫైతో అతకడం కంటే తీగ ఒకటి పైకి తీసుకెళ్తే ఆ శ్లాబుతో పేచీ ఉండదు. పాత కేబుల్ టీవీ వైరు కోసం ఎప్పుడో కొట్టిన కన్నం ఉంది, దాన్ని కాస్త పెద్దది చేయించాను. క్యాట్ సిక్స్ వైరు పాతిక మీటర్లు పట్టింది. ఈ రకం తీగ వంద మీటర్ల దాకా పని చేస్తుంది కాబట్టి దూరం సమస్య కాదు. గోడ బయట నడిచే ముక్కకి మాత్రం పీవీసీ గొట్టం తొడిగించాను. మే నెల ఎండకి మామూలు వైరు పైతొడుగు అప్పడంలా పెళుసెక్కిపోతుంది.

కొసల్లో జాక్‌లు నేనే కొట్టుకున్నాను. జాక్ బిగించే క్రింపింగ్ పట్టకారు, లైట్లు వెలిగే టెస్టరు నెట్ అబ్బాయి దగ్గర అరువు తెచ్చుకున్నాను. లోపల ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా మెలేసుకుని ఉంటాయి. విప్పి తిన్నగా చేసి ఈ వరస పెట్టాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. వినడానికి తేలికే. ఆకుపచ్చ జంట విడిపోయి మధ్యలోకి నీలం జంట దూరడం దగ్గర నా వేళ్లు ప్రతిసారీ తప్పాయి, కళ్లు రంగులు జంటగానే కోరుకుంటాయి కాబట్టి. మూడు జాక్‌లు పాడయ్యాక నాలుగోదానికి టెస్టరు మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. ఆ ఆనందంలో అమ్మని పిలిచి చూపించాను. "దీపావళి సామాను తెచ్చావేంట్రా" అంది.

మొదటి రాత్రి అంతా సులువుగా అయిపోయింది. అదే చిక్కు.

పాత రౌటర్ వెనక నీలం పోర్టు ఒకటి, పసుపు పోర్టులు నాలుగు. నీలం దాని మీద ఇంటర్నెట్ అని రాసి ఉంది. ఇంటర్నెట్ వచ్చే తీగ ఇంటర్నెట్ అని రాసి ఉన్న చోటే కదా పెడతాం. పెట్టాను, పిన్నుతో రీసెట్ మీట పది సెకన్లు నొక్కి పట్టుకుని పాత సెట్టింగులన్నీ తుడిచేశాను, వైఫైకి పేరు పెట్టాను. నెట్ వచ్చేసింది. ఆ రాత్రి పాఠం ఒక్కసారి కూడా తెగలేదు.

మర్నాడు ప్రశ్నపత్రం ప్రింట్ తీయాలి. ప్రింటర్ కింద హాల్లో ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌కి అది కనిపించడం మానేసింది. ఫోన్లోంచి టీవీ మీదకి వీడియో పంపబోతే టీవీ కూడా కనిపించలేదు. మెట్లు దిగి కింది వైఫైకి మారితే అన్నీ ఉన్నాయి.

పక్కింటి కుర్రాడు నా పాత శిష్యుడే, భీమవరంలో ఇంజినీరింగు చదువుతున్నాడు. సెలవులకి వచ్చి ఉన్నాడు. పిలిస్తే వచ్చి, రౌటర్ వెనక్కి తిప్పి చూసి నవ్వాడు.

"మాస్టారూ, మీరు ఇంట్లో ఇంకో ఇల్లు కట్టారండి."

వాడు చెప్పింది ఇది. నీలం పోర్టులో తీగ పెడితే పాత రౌటర్ తన వెనకాల వేరే నెట్‌వర్క్ సృష్టించుకుంటుంది. నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఐపీ అడ్రసు అని అంకెల చిరునామా ఒకటి ఉంటుంది, మా ఇంట్లో దాని మొదటి మూడు అంకెలూ వీధి పేరనుకోండి. కింది పెట్టెది 192.168.1 వీధి. పై రౌటర్‌ది 192.168.0 వీధి. పైనున్న ల్యాప్‌టాప్ బయటికి వెళ్లాలంటే ముందు పై రౌటర్ దాని చిరునామా మారుస్తుంది, తరవాత కింది పెట్టె ఇంకోసారి మారుస్తుంది. సైట్లు చూడటానికి ఇదేం అడ్డు కాదు. కానీ ప్రింటర్‌నో టీవీనో వెతకడమంటే "ఇక్కడెవరైనా ఉన్నారా" అని వీధిలో కేకేయడం. ఆ కేక తన వీధి దాటి వెళ్లదు. కింది వాటికైతే పై వాటి దగ్గరికి దారే లేదు.

"మరేం చెయ్యాలిరా?"

"నీలం దాంట్లోంచి తీసి పసుపు దాంట్లో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపెయ్యండి. అంతేనండి" అన్నాడు. అప్పుడే వాళ్లమ్మ పిలిస్తే వెళ్లిపోయాడు.

నేను మొదటి వాక్యం విన్నాను. రెండోది సగం విన్నాను. తీగ పసుపు పోర్టులోకి మార్చాను. ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ కనిపించింది. నెట్ కూడా వస్తోంది. అయిపోయిందనుకుని చొక్కా విప్పి గాలికి కూచున్నాను.

ఎనిమిదిన్నరకి కింది నుంచి అమ్మ కేక.

"ఒరేయ్, అక్క రావట్లేదురా!"

అమ్మ ఫోన్లో వైఫై నిండు గీతలతో ఉంది, పక్కన చిన్న ఆశ్చర్యార్థకం. కనెక్ట్ అయింది గానీ ఇంటర్నెట్ లేదంటోంది. నా ఫోన్లో మాత్రం వస్తోంది. టీవీలో రావట్లేదు. కింది పెట్టె స్విచ్చి ఆపి మళ్లీ వేశాను. ఇప్పుడు టీవీలో వచ్చింది, నా ఫోన్లో పోయింది. మళ్లీ ఆపి వేశాను. ఈసారి ఇద్దరిదీ పోయింది. లెక్కల మాస్టారుగా నాకు యాదృచ్ఛికత అంటే గౌరవమే కానీ నట్టింట్లో కాదు. అక్కడ డల్లాస్‌లో అక్క ఆఫీసుకి బయల్దేరే వేళ దాటిపోతోంది. అమ్మ నా వంక చూసిన చూపు నేను ఎనిమిదో తరగతిలో హిందీ తప్పినప్పుడు చూసినదే.

కంపెనీకి ఫోన్ చేద్దామనుకున్నాను. చేసి ఉంటే పాపం వాళ్లకి ఏమీ తెలిసేది కాదు, తప్పు వాళ్ల పెట్టెలో లేదు. పక్కింటి గోడ మీద నుంచి కుర్రాణ్ని పిలిచాను. వాడు రాలేదు, అక్కణ్నుంచే అడిగాడు: "అమ్మగారి ఫోన్లో వైఫై పేరు మీద నొక్కి ఐపీ అడ్రసు ఎంతుందో చదవండి మాస్టారూ."

"192.168.0.103."

"సున్నా వీధిలోకి వెళ్లిపోయారండి అమ్మగారు. డీహెచ్‌సీపీ ఆపలేదు కదూ మీరు?"

అప్పుడు అర్థమైంది. మా ముత్తాత కరణం. ఊళ్లో ఎవరి సెంటు ఎక్కడుందో ఆయన కట్టలు విప్పి చెబితేనే లెక్క. 1984లో కరణాల వ్యవస్థ పోయిందిగానీ ఆ కథలు మా ఇంట్లో ఇంకా నడుస్తాయి. ఇంటి నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీ అనేది కరణం పని. కొత్త ఫోను గుమ్మంలోకి రాగానే "నేనొచ్చాను, నాకో నంబరివ్వండి" అంటుంది. కరణం ఒక నంబరు ఇచ్చి, బయటికి పోవాలంటే ఫలానా గుమ్మం అని దారి కూడా చెబుతాడు. నేను తీగని పసుపు పోర్టులో పెట్టగానే కింది పెట్టె, పై రౌటర్ ఒకే ఊళ్లో ఇద్దరు కరణాలయ్యారు. అడిగినవాళ్లకి ఎవరు ముందు పలికితే వాళ్ల నంబరే ఖాయం. కింది కరణం చెప్పే గుమ్మం నిజంగా బయటికి తెరుచుకుంటుంది. పై కరణం చెప్పేది తన సొంత నీలం గుమ్మం, దాంట్లో ఇప్పుడు తీగే లేదు. అమ్మ ఫోనుకి వాడు ముందు పలికాడు. అమ్మ కింద కూచుని కింది వైఫైలోనే ఉన్నా సరే, తీగలన్నీ ఒకటే కాబట్టి పైనున్నవాడి మాట కిందికి వినబడుతుంది.

పై రౌటర్ తీగ పీకేశాను. అమ్మ ఫోన్లో వైఫై ఆపి మళ్లీ వేస్తే 192.168.1.14 వచ్చింది. అక్క కూడా వచ్చింది, ఎర్ర లైటు దగ్గర కారాపుకుని. "ఇప్పటిదాకా ఏం చేస్తున్నారే" అంటే, "మీ తమ్ముడు ఇంజినీరయ్యాడు" అంది అమ్మ.

మూడో రోజు ఆదివారం. ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాను. ఇంటి తీగ దేనికీ తగలకుండా పక్కన పెట్టి, పాత రౌటర్‌నీ ల్యాప్‌టాప్‌నీ మాత్రం చిన్న కేబుల్‌తో పసుపు పోర్టులో కలిపాను. బ్రౌజర్లో 192.168.0.1 కొడితే లాగిన్ పేజీ వచ్చింది. డీహెచ్‌సీపీ మీద పగతో ఉన్నాను కదా, అన్నిటికంటే ముందు దాన్నే ఆపి రీబూట్ చేశాను. ఆ తరవాత లాగిన్ పేజీ రావడం మానేసింది. ల్యాప్‌టాప్ తన చిరునామా 169.254తో మొదలయ్యేదేదో చూపించింది. నంబరిచ్చే నాథుడు లేకపోతే విండోస్ తనకి తనే పెట్టుకునే చిరునామా అది. అనాథాశ్రమం చిరునామా అనుకోండి. ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళ్లి చేత్తో 192.168.0.50 అని రాసి, వీధి హద్దు చెప్పే మాస్క్ 255.255.255.0 పెడితే మళ్లీ తలుపు తెరుచుకుంది. కాబట్టి ఎవరైనా చేస్తే డీహెచ్‌సీపీని చివర్న ఆపండి. మిగతా పనులన్నీ అయ్యాక, ఇంక ఈ పేజీతో అవసరం లేదనుకున్నాక.

తరవాత పై రౌటర్ చిరునామా కింది వీధిలోకి మార్చాలి. ఒకటో నంబరు కింది పెట్టెది, అది తాకకూడదు. రెండు ఇద్దామనుకున్నాను. కానీ కింది పెట్టెలో చూస్తే దాని కరణం 2 నుంచి 254 దాకా అన్నీ పంచేలా ఉన్నాడు. అంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ రెండో నంబరుని ఏ చుట్టం ఫోనుకో ఇచ్చేస్తాడు, అప్పుడు ఒకే నంబరు మీద ఇద్దరు కొట్టుకుంటారు. కింది పెట్టె అడుగున స్టిక్కరు మీదున్న పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి, పంపకం 20 నుంచి మొదలయ్యేలా మార్చాను. 2 నుంచి 19 దాకా నా పొరంబోకు. పై రౌటర్‌కి 192.168.1.2, ప్రింటర్‌కి 192.168.1.5. ప్రింటర్‌కి ఈ స్థిర నంబరు ఎప్పుడో పెట్టుకోవాల్సింది. అది వారానికోసారి కనిపించకుండా పోయే జబ్బు అప్పటినుంచి తగ్గింది.

వైఫై పేరు, పాస్‌వర్డ్ కింది దానివే అక్షరం పొల్లు పోకుండా పైదానికీ పెట్టాను. అప్పుడు ఫోనుకి రెండూ ఒకే ఇల్లులా కనిపిస్తాయి. ఛానల్, అంటే వైఫై నడిచే రేడియో దారి, మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11. ఫోన్లో ఒక యాప్ వేసి చూస్తే పక్కింటివాళ్లది, ఎదురింటివాళ్లది ఇద్దరివీ ఆరులోనే ఉన్నాయి. కింద 1, పైన 11 పెట్టేశాను. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 40 పెడితే వేగం పెరుగుతుందని రాసి ఉంటుందిగానీ మా వీధిలో అంత ఖాళీ లేదు.

అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాను. పాత పరికరం కాబట్టి దాని పేరూ అడ్మిన్, తాళమూ అడ్మిన్. మీట నొక్కితే చేరిపోయే డబ్ల్యూపీఎస్ ఆపేశాను. చివరికి డీహెచ్‌సీపీ ఆగే ఉందని ఇంకోసారి చూసుకుని, ఇంటి తీగ పసుపు పోర్టులో పెట్టి, నీలం పోర్టు మీద ఇన్సులేషన్ టేపు అంటించాను. అది మా ఆవిడ కోసం కాదు, నా కోసమే. ఏదో ఒక రోజు దులుపుతూ నేనే మళ్లీ దాంట్లో గుచ్చేస్తాను.

నెట్ వచ్చింది. ప్రింటర్ ఉంది, టీవీ ఉంది. కింద అక్కతో మాట్లాడారు, పైన పాఠం నడిచింది. నా గదిలో సిగ్నల్ మునుపు మైనస్ 82 చూపించేది, ఇప్పుడు మైనస్ 45. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. పిల్లలకి రుణ సంఖ్యలు చెప్పేటప్పుడు ఇప్పుడు ఈ ఉదాహరణే వాడుతున్నాను.

వేగం మాత్రం ఇరవై ఎంబీపీఎస్ దాటలేదు. మా ప్లాను వంద. పాత రౌటర్ పోర్టులు వంద దాకా పోగలవు, మరి ఈ ఇరవై ఏమిటి? రెండు రోజులు తీగని అనుమానించాను, నా జాక్‌ని తిట్టుకున్నాను. ల్యాప్‌టాప్‌ని నేరుగా తీగకి పెడితే తొంభై మూడు వచ్చింది. అంటే తీగ నిర్దోషి. వైఫై భద్రత పేజీ చూస్తే డబ్ల్యూపీఏ పక్కన టీకేఐపీ అని ఉంది. అది పాతకాలపు తాళం. దాన్ని పెట్టుకుంటే వైఫై ఎన్ రకం రౌటర్ కూడా ముందు తరం వేగానికే, కాగితం మీద 54కి, దిగిపోతుంది. దాని తరవాతి తరం తాళం డబ్ల్యూపీఏ2, ఏఈఎస్‌కి మార్చాను. నలభై అయిదు, యాభై మధ్యకి వచ్చి నిలబడింది. పాఠానికి అయిదు చాలు. ఈ ముసలి డబ్బా నుంచి అంతకంటే అడగడం అన్యాయం. ఎవరైనా ప్లాను రెండు వందలో మూడు వందలో తీసుకుని ఉంటే మాత్రం అటక మీది దాన్ని అక్కడే ఉంచి, గిగాబిట్ పోర్టులున్నది కొనుక్కోండి.

ఒకటి మాత్రం కుదర్లేదు. కరెంటు పోతే కింది పెట్టె ఇన్వర్టర్ మీద నడుస్తుంది, పై గది ప్లగ్గు ఆ లైన్లో లేదు. మొన్న గాలివానకి నా పాఠం మధ్యలో ఆగింది, కింద అమ్మ మాత్రం అక్కతో హాయిగా మాట్లాడుకుంటోంది. ఎలక్ట్రీషియన్ "రేపొస్తానండి" అని మూడు వారాలైంది.

ఇంకొకటి, మెట్లు. పేరు ఒకటే పెట్టినంత మాత్రాన ఫోను వెంటనే మారిపోదు. ఎటు వెళ్లాలో తేల్చేది రౌటర్ కాదు, ఫోనే. పట్టుకున్న సిగ్నల్‌ని బాగా నీరసించే దాకా వదలదు, మన చుట్టాల్లో కొందరిలాగే. పోయిన వారం అమ్మ డాబా మీద మినప వడియాలు పెట్టింది. వాటిని అక్కకి చూపించాలని ఫోను పట్టుకుని మాట్లాడుతూనే మెట్లెక్కింది. తొమ్మిదో మెట్టు దగ్గర అక్క నోరు సగం తెరిచి ఆగిపోయింది. కింద నుంచి నేను "ఆగమ్మా, మారుతోంది" అన్నాను. అమ్మ గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. మూడు సెకన్లు. అక్క నోరు మూసుకుంది, మాట పూర్తి చేసింది.

ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు. పైకెళ్లేటప్పుడల్లా అమ్మ ఆ మలుపులో తనే ఆగుతుంది. "ఉండవే, మెట్టు మారుతున్నా" అంటుంది అక్కతో. మోకాళ్లకి కూడా అదే మంచిదట.